పురిటి గుడిసె మీది టార్పాలిన్

నేను ఒక నీలం టార్పాలిన్‌ని. భూమిలోంచి తోడిన నూనెతోనే పుట్టాను కాబట్టి, ఎండలు మండిపోతున్నాయని మనుషుల మీద నేరం మోపే ముఖం నాకు లేదు. "ఉచితం, అమ్మరాదు" అని నా మీద అచ్చు వేసి, తుపాను సాయంగా సిక్కోలు తీరానికి పంపారు.

అక్కడ కూర్మయ్య, దానమ్మ దంపతుల చేతికి వచ్చాను. వాళ్ళ జీడితోట తుపానుకు కూలిపోయింది. పొలంలోకి ఉప్పునీళ్ళు వచ్చాయి. ఒకడు వచ్చి వాళ్ళ చేతిలో బయానా పెట్టి, నాతో సహా లారీ ఎక్కించి, హైదరాబాదు అవతల ఇటుక బట్టీలో దించాడు. బట్టీ గుమస్తా వాళ్ళ ఫోన్లు, ఆధార్ కార్డులు భద్రంగా దాస్తానని తీసుకున్నాడు. ఎంత భద్రమంటే, అవి మళ్ళీ వాళ్ళ కంటపడలేదు. ఒప్పుకున్న ఇటుకలన్నీ పూర్తయ్యేదాకా గేటు దాటకూడదు. నన్ను అమ్మకూడదని రాసినవాళ్ళు మనుషుల మీద ఆ ముక్క రాయడం మరిచారు.

బట్టీలో నేను వాళ్ళ గుడిసెకు కప్పునయ్యాను. పొగగొట్టం ఊదే నల్లపొగ ఎక్కడికి పోతుందో కూర్మయ్య ఎప్పుడూ అడగలేదు. అతని ఊరి సముద్రానికి మాత్రం తెలుసనుకుంటాను.

మాఘమాసంలో దానమ్మ నా కిందే కొడుకును కన్నది. ఇంకా పురుడు వెళ్ళలేదు, పచ్చి బాలింతకు చన్నీళ్ళు తగలకూడదు. తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఆకాశం నల్లబడింది. ఈ మధ్య వానకు క్యాలెండర్ చూసే అలవాటు పోయింది.

గుమస్తా గొడుగేసుకుని వచ్చాడు. "కూర్మయ్యా, గుడిసె మీది కవరు గుంజు. పచ్చి ఇటుకలు తడిస్తే లెక్కల రావు, మల్ల కొట్టాలె."

కూర్మయ్య కదల్లేదు. లోపల్నుంచి దానమ్మే అంది: "తీసీయ్. ఇటికిలు కరిగిపోతే ఈడు నడక కూడా ఇక్కడే నేర్సుకుంతాడు. మనం ఊరెల్లొద్దేటి?"

అతను నన్ను విప్పి ఇటుకల మీద కప్పాడు. వాన మొదలైంది. దానమ్మ బిడ్డను కొంగులో చుట్టుకుని వచ్చి నా అంచు కిందికి దూరబోయింది. "అక్కా, ఇటుకలు పలుగుతయ్, జర పక్కకు జరుగు" అన్నాడు గుమస్తా. మర్యాదగానే అన్నాడు. ఆ మర్యాదకే నాకు భయం వేసింది.

కూర్మయ్య వంగి, తను కొట్టిన ఇటుకలనే ఒక్కొక్కటిగా తీసి వానలో పెట్టసాగాడు. ఇద్దరు పట్టేంత చోటు అయ్యేదాకా తీస్తూనే ఉన్నాడు. తల్లీబిడ్డలను అక్కడ కూర్చోబెట్టి, నా కొస పట్టుకుని బయటే నిలబడ్డాడు. అతని కాళ్ళ దగ్గర ఇటుకలు బురదైపోయాయి.

నా కింద బిడ్డ పొడిగా నిద్రపోయాడు. గుమస్తా గొడుగు కింద నిలబడి, కరిగిన ఇటుకలను లెక్కపెట్టి, వాళ్ళు ఊరెళ్ళే రోజును ఇంకొంత దూరం జరిపాడు.