నా బిడ్డ పేరుకు వేరే బిడ్డ లేచింది

ఆ పొద్దున నా బిడ్డ సంచీ లేకుండా వచ్చి ఆటోలో నా పక్కన కూర్చుంది. నేను మా ఊరి నుంచి జహీరాబాద్‌కు షేర్ ఆటో తోలుతాను. మొదటి ట్రిప్పు ఎప్పుడూ టౌనులో ప్రైవేటు బడికి పోయే పిల్లలది. టైలు కట్టుకుని వెనక ఇరుక్కుని కూర్చుంటారు. వర్షిత మాత్రం మా ఊరి సర్కారు బడిలోనే ఐదో తరగతి.

"బడి లేదా ఇయ్యాల?" అన్నాను.

"ఉంది నాయినా. తనిఖీకి పెద్ద సారు వస్తుండట. చదవరానోళ్ళు ఇంటికాన్నే ఉండాల్నని జగన్‌మోహన్ సారు చెప్పిండు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. చదవరానోళ్ళేంటి? రోజూ సాయంత్రం నేను ఆటో కడుగుతుంటే ఇది గడప మీద కూర్చుని పాఠం గడగడా చదువుతుంది. ఎక్కడా తడుముకోదు. వాళ్ళమ్మ మురిసిపోయి దిష్టి కూడా తీసింది.

వెనక కూర్చున్న పూజితను తెలుగు పుస్తకం ఇమ్మన్నాను. పూజిత కిరాణం వెంకట్ కూతురు, దీని ఈడుదే. మధ్యలో ఏదో పేజీ తీసి వర్షిత ఒళ్ళో పెట్టాను. అది వేలు పెట్టి, "రా..." అని ఆగిపోయింది. కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి.

"మరి ఇంటికాడ రోజు చదివేదేంది?"

"సారు ఒకపాలి చెప్తె అందరం కలిసి అంటం గదా. గట్ల యాదికుంటది."

ఐదేళ్ళు! ఐదేళ్ళ నుంచి నా బిడ్డను చాప మీద కూర్చోబెట్టి, అక్షరాలు కలిపి చదవడం నేర్పకుండా పై తరగతికి నెట్టుకుంటూ వచ్చారు. వచ్చే ఏడు హైస్కూలుకు పోతే అక్కడ ఎవడు నేర్పుతాడు దీనికి? ఆటో బడి వైపు తిప్పబోతుంటే ఫోన్ మోగింది. హెడ్మాస్టరు జగన్‌మోహన్ సారే.

"మాణిక్, జర నీ ఆటోల పిల్లల్ని మన బడికి పట్కరా. గంట సేపే, మల్ల తీస్కపో."

"వస్తున్న సారూ. నాకు గూడ మీతోని పనుంది" అన్నాను పళ్ళు నూరుతూ.

మేం పోయేసరికి హెడ్మాస్టరు బడి మరుగుదొడ్డి ముందర నిలబడి ఫోన్‌తో దాని ఫోటో తీస్తున్నాడు. చంకలో, పిల్లలకు పంచగా మిగిలిన యూనిఫాం చొక్కాలు.

"నా బిడ్డకు చదవొస్తలేదని మీకు తెల్సు. నాకొక మాట చెప్పాల్నన్న సోయి లేదా సారూ?"

"ఎప్పుడు నేర్పాల్నో నువ్వే చెప్పు" అని ఆయన నా మీదే లేచాడు. "ఐదు తరగతులకు ఇద్దరం. గా రెండో సారును సర్వేకు గుంజుకపోయిన్రు. పొద్దుగాల హాజరు ఫోటో, మధ్యాన్నం అన్నం ఫోటో, నడుమల దొడ్ల ఫోటో. పోయినేడు పిల్లలకు చదవొస్తలేదని ఉన్నదున్నట్టు చెప్తె నాకు మెమో ఇచ్చిన్రు. ఇయ్యాల గూడ గదే చెప్తె బడి మూస్తరు. బడి మూస్తె నీ బిడ్డ యాడికి పోతది?"

ఆయన పిల్లలు ఏ ప్రైవేటు బడిలో చదువుతారో నాకు తెలుసు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ బడికి తాళం పడుతుందన్న మాట నా నోరు కట్టేసింది. వెంకట్‌కు తెలిస్తే నా తోలు తీస్తాడని తెలిసీ పిల్లల్ని దింపాను. వాళ్ళు టైలు విప్పేసి సర్కారు చొక్కాలు తొడుక్కున్నారు. ఇంటి దగ్గరే ఉండమన్న పిల్లలేమో ప్రహరీ అవతల నిలబడి తొంగి చూస్తున్నారు.

తనిఖీ సారు వచ్చాడు. చేతిలో ట్యాబు పట్టుకుని ఐదో తరగతి గదిలో కూర్చుని పేర్లు పిలవడం మొదలుపెట్టాడు. నేనూ వర్షితా వరండాలో కిటికీ పక్కన ఉన్నాం.

"వర్షిత."

"యెస్ సార్" అంటూ పూజిత లేచింది. ఆయన చూపించిన పేజీ చక్కగా చదివేసింది.

వర్షిత నా చొక్కా పట్టుకుని గుంజింది. "నాయినా, గది నా పేరు గదా."

ఆ పిల్లను ఆటోలో తెచ్చి దించింది నేనేనాయె.

లోపల తనిఖీ సారు నవ్వుతున్నాడు. "శభాష్ సారూ! పిల్లలు మస్తు చదువుతున్నరు. మీ బడికైతే టీచర్ అవసరం లేదు."

"ఏం టీచర్ సార్?" అన్నాడు హెడ్మాస్టరు.

"చదవరాని పిల్లలున్న బడులకు, చదువుడు నేర్పనీకే ఒక్కొక్క టీచర్‌ను ఇస్తున్నరు. గా బడులను ఏరనీకే తిరుగుతున్న. ఫోన్‌కు పంపినం గదా, చూడలేదా?"

హెడ్మాస్టరు మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ ఫోన్‌లోకి పొద్దున లేస్తే ఎన్ని హుకుంలు వస్తాయో, అందులో ఇది ఎక్కడ కొట్టుకుపోయిందో! కిటికీలోంచి నన్ను చూశాడు. వెంటనే తల దించుకున్నాడు.

ఇక నా వల్ల కాలేదు. వర్షిత చెయ్యి పట్టుకుని గదిలోకి దూసుకుపోయాను.

"సార్, వర్షిత ఈమె! గా పిల్ల టౌన్‌ల ప్రైవేటు బడిది. ఈ ముందర కూసున్నోళ్ళంత నా ఆటోలొచ్చినోళ్ళే!"

"ఎవరయ్యా నువ్వు? అర్వకు!"

"అర్వకుంటె ఎట్ల సార్? నా బిడ్డను బయట నిలబెట్టి దాని పేరు ఇంకొకరికి తొడిగిన్రు. చదవొస్తలేదని చెప్తె మెమో ఇస్తిరి. వస్తదని చెప్తె శభాష్ అంటిరి. పిల్లలకు చదువొచ్చేదెప్పుడు?"

తనిఖీ సారు ట్యాబు వంక చూశాడు, హెడ్మాస్టరు వంక చూశాడు. గొంతు తగ్గించాడు. "ఇప్పుడు మార్చాల్నంటె, మీరు పిల్లల్ని మార్చిన్రని గూడ రాయాల్నొస్తది సారూ. తర్వాత మీ ఇష్టం."

అందరం హెడ్మాస్టరునే చూస్తున్నాం. ఆయన చంకలో ఇంకా ఒక చొక్కా మిగిలే ఉంది. దాన్ని మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు. నాకైతే వెళ్ళి ఆయన చొక్కా గల్లా పట్టుకోవాలనిపించింది.

"రాయున్రి" అన్నాడు చివరికి. "నా పేరు మీదనే రాయున్రి." ఆ తర్వాత కిటికీ దగ్గరికి వెళ్ళి ప్రహరీ వైపు చెయ్యి ఊపాడు. "లోపలికి రాండ్రి బిడ్డా, అందరు రాండ్రి."

మురికి కాళ్ళతో, భయం భయంగా, ఒకరి వెనక ఒకరు వచ్చారు. పూజిత వాళ్ళు లేచి గోడవారగా నిలబడ్డారు. నా కోపం మాత్రం దిగలేదు. ఆ టీచర్ వచ్చేదాకా రోజూ ఇదే గేటు ముందు ఆటో ఆపి అడుగుతానని ఇద్దరు సార్లకూ మొహం మీదే చెప్పాను.

తనిఖీ సారు మొదటి నుంచి పేర్లు పిలిచాడు.

"వర్షిత."

నా బిడ్డ లేచి నిలబడింది. గౌను అంచు పిడికిట్లో నలుపుతోంది. మాట మాత్రం గది చివరిదాకా వినబడింది.

"ఉన్న సార్. చదవరాదు సార్."

వెనక చాప మీద నుంచి ఇంకో పిల్లవాడు, తన పేరు పిలవకముందే లేచి నిలబడ్డాడు.

"నాగ్గూడ సార్."