నొప్పి లేని తల

చుస్కిత్ తన ఆడపడుచు యాంగ్‌డోల్‌ను చెయ్యి పట్టుకుని ఆరోగ్య కేంద్రానికి తీసుకొచ్చింది. యాంగ్‌డోల్‌కు మూడు రోజులుగా తల పగిలిపోతోంది. లదాఖ్‌లోని ఆ లోయలో తలనొప్పి వచ్చిందంటే బీపీ వచ్చినట్టే లెక్క.

"అమ్మాయీ, ముందు ఈవిడకు చూడు. రోజుకు ఇరవై కప్పుల ఉప్పు టీ తాగుతుంది. చెబితే వినదు," అంది చుస్కిత్ నర్సుతో.

"నువ్వేమో పంతొమ్మిదికే ఆపేస్తావు మరి!" తల పట్టుకునే దెప్పింది యాంగ్‌డోల్.

నర్సు దిస్కిత్, యాంగ్‌డోల్ జబ్బకు పట్టీ చుట్టి బీపీ చూసింది. నూట ఇరవై ఆరు, ఎనభై.

"నీకు బీపీ లేదు పెద్దమ్మా. చలికాలమంతా దీపం దగ్గర అల్లికలు అల్లావుగా, ఓసారి కళ్లు చూపించుకో. పిన్నీ, నువ్వూ చెయ్యి ఇటివ్వు."

చుస్కిత్‌కు బీపీ చూస్తుంటే దిస్కిత్ ముఖం మారింది. కాసేపు కూర్చోబెట్టి మళ్లీ చూసింది. నూట తొంభై ఆరు, నూట పది.

"మిషను చెడిపోయుంటుంది. నా తల నిక్షేపంలా ఉంది. నొప్పొస్తేనేగా మాత్ర వేసుకునేది!" అంది చుస్కిత్.

"నొప్పి రావాలని లేదు పిన్నీ. బీపీ మరీ మితిమీరితే కొందరికి వస్తుంది. చాలామందికి లోపల ఏం జరుగుతోందో తెలియనే తెలియదు. మాత్ర రోజూ వేసుకోవాల్సిందే."

చుస్కిత్ వదిన వైపు చూడకుండానే అంది. "నాలుగేళ్ల కింద మీ తమ్ముడు పొలంలో పడిపోయి ప్రాణం విడిచాడే, అంతకు నెల ముందే మాత్రలు మాన్పించాను. తల నొప్పెట్టడం లేదుగా, ఎందుకు దండగ అన్నాను. నేనే అన్నాను వదినా."

ఈ మాట ఆమె ఇంతవరకూ ఎవరికీ చెప్పుకోలేదు.

యాంగ్‌డోల్ మరదలి చెయ్యి తన ఒళ్లోకి లాక్కుంది. "నీకు తెలిసి చేశావా? మా తమ్ముడు మోరుప్‌కు మాత్రం తెలుసా? ఇప్పుడు నువ్వు కూడా పోయావంటే నేనెవరితో పోట్లాడాలే, పిచ్చిదానా!"

దిస్కిత్ దగ్గరికి వచ్చి అంది. "చెప్పాల్సింది మేము పిన్నీ. అప్పుడు మీకు ఎవరూ సరిగ్గా చెప్పలేదు." ఆ వెంటనే డాక్టరుకు ఫోను చేసి, ఆయన చెప్పిన మాత్ర అక్కడికక్కడే వేయించింది.

ఆ మర్నాటి నుంచి పొద్దున్నే పక్కింటి గోడ అవతలి నుంచి యాంగ్‌డోల్ కేక వినిపించేది. "వేసుకున్నావా?"

"వేసుకున్నా, అరవకు! ఊరంతా లేస్తుంది."

రెండు నెలలకు బీపీ నూట ముప్ఫై ఎనిమిదికి దిగింది. అయినా యాంగ్‌డోల్ కేకలు ఆపలేదు. ఆపమని చుస్కిత్ కూడా గట్టిగా అనలేదు.