చేతులకే అడిగింది

పెద్దమ్మ రాగం తీయడం మానేసి నాలుగు రోజులైంది. కర్టెన్లు కుట్టే ఆ షాపులో అందరికంటే ముందు ఆ సంగతి కనిపెట్టింది టేపమ్మ. మెడలో కొలతల టేపు తీయడం మరిచిపోయి అలాగే ఇంటికి వెళ్ళిపోతూ ఉంటుందని ఆమెకా పేరు. ఆమె మిషను పక్కనే పెద్దమ్మ ఇస్త్రీ బల్ల. కుట్టిన కర్టెన్లన్నీ ఆ బల్ల మీదికి వెళ్ళి, మడత మడతకీ ఆవిరి పట్టించుకుని వస్తాయి. ఇస్త్రీ పెట్టె బుస్సుమన్నప్పుడల్లా తాళం వేసినట్టు పెద్దమ్మ నోట్లో ఒక కూనిరాగం ఆడుతూ ఉండేది. మాటలేమీ ఉండవు. మూడు మెట్లు ఎక్కి, ఒకచోట ఆగి, మెల్లగా దిగి వచ్చే రాగం. ఇప్పుడు బుస్సు ఒక్కటే మిగిలింది.

“గొంతు బాగాలేదా పెద్దమ్మా?” అని మంగళవారం నాడే అడిగింది టేపమ్మ.

“బాగానే ఉంది. నీ పని చూసుకో,” అంది పెద్దమ్మ తలెత్తకుండా.

టేపమ్మ పని చూసుకుంది. సూది కింద గుడ్డ తిన్నగా నడవలేదు. ఒకే అంచు రెండుసార్లు విప్పి కుట్టింది. పెద్దమ్మకి తెలిసిపోయిందేమో అన్న భయం ఆమెకి వేలికి గుచ్చుకున్న సూదిలా ఉంది.

మూడు వారాల కిందటి మాట. షాపు పేరుతో ఫోన్లో ఒక పేజీ ఉంది. దాన్ని నడిపే పని కూడా టేపమ్మ నెత్తినే పడింది. సినిమా పాట పెట్టిన ప్రతిసారీ, వ్యాపారానికి ఆ పాట వాడకూడదంటూ శబ్దం తీసేస్తున్నారు. ఊరికే ఇచ్చే సంగీతం పెడితే, కస్టమర్ కేర్ వాళ్ళు లైన్లో ఉండమన్నప్పుడు వినిపించేదిలా ఉందని షాపు మేడం మొహం చిట్లించింది. అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం పెద్దమ్మ నీలం కర్టెను మీద మడతలు తీరుస్తోంది. ఆ చేతులు చూసి టేపమ్మకి ముచ్చటేసింది.

“నీ చేతులు వీడియో తీసుకోనా పెద్దమ్మా?”

“చేతులేగా, తీసుకో. మొహం జోలికి మాత్రం రాకు. ఈ చెమటకి నా పెళ్ళి ఫోటో కంటే అన్యాయంగా ఉంటుంది.”

తీసింది. ఇంటికెళ్ళి చూసుకుంటే చేతులతో పాటు రాగమూ పడింది. పైన ఇంకే పాటా పెట్టాల్సిన పని లేదనిపించింది. కర్టెను విచ్చుకునే చోటుకి సరిపడేలా చివర కత్తిరించింది. దాంతో రాగం దిగి వచ్చే ముక్క ఎగిరిపోయింది. పోతేనేం, వీడియో అయిపోయి మళ్ళీ మొదలైనప్పుడు అతుకు తెలియకుండా తిరుగుతోందని మురిసిపోయింది. అలాగే పేజీలో పెట్టేసింది. గొంతు సంగతి అడగాలని ఆమెకి తట్టనే లేదు.

వారం తిరిగేసరికి ఆ రాగం షాపు గుమ్మం దాటిపోయింది. జనం దాన్ని తీసుకుని తమ వీడియోల కింద పెట్టుకోవడం మొదలుపెట్టారు. నిద్రపోయే పాపాయిలకీ, వాన కురిసే కిటికీలకీ. ఆ తరువాత ఎవరో దాని వేగం పెంచి, కీచుగొంతు చేసి, సోఫా మీంచి జారిపడే పిల్లికి తగిలించారు. ఇక గురకపెట్టే మొగుళ్ళకీ, కుర్చీ విరిగి కూలబడే మామయ్యలకీ అదే రాగం. కర్టెన్లు కావాలంటూ ఫోన్లు వస్తుంటే మేడం కాళ్ళు నేల మీద ఆనలేదు. “మీ గొంతు బాగుందండీ” అని ఒకావిడ రాస్తే టేపమ్మ “థాంక్యూ” అని జవాబిచ్చింది. షాపు తరఫున ఇచ్చాననుకుంది. కానీ ఆ రోజు పెద్దమ్మకి టీ గ్లాసు అందిస్తూ ఎటో చూసింది.

గురువారం భోజనాలప్పుడు పెద్దమ్మే నోరు విప్పింది.

“మీ పెదనాన్న పలకడం మానేశాడే.”

పెదనాన్న అంటే ఆమె భర్త. బస్సు కండక్టరుగా చేసినన్నాళ్ళూ మాటల పుట్ట. రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చి కుడిపక్కనీ, మాటనీ ఒకేసారి పట్టుకుపోయింది. అంతవరకూ టేపమ్మకి తెలిసిందే.

“మాట పోయాక ఆయనకి మిగిలింది ఆ రాగం ఒక్కటే. ఎక్కణ్ణుంచి పట్టుకొచ్చాడో ఏమో. తొందరగా అంటే నీళ్ళు కావాలని, సాగదీస్తే నన్ను రమ్మని. కోపమొచ్చినా అదే. వినీ వినీ నాకూ అంటుకుంది. ఇక్కడ అనుకుంటూ ఉంటే, ఒక్కణ్ణీ వదిలేసి వచ్చానన్న దిగులు కాస్త తగ్గేది.” పెద్దమ్మ ముద్ద కలుపుతూనే ఉంది, నోట పెట్టుకోవడం లేదు. “ఇప్పుడు వీధిలో ఎవరి ఫోన్లో చూసినా అదే. కీచుగొంతూ, దాని వెనక నవ్వులూ. కిటికీలోంచి వినబడుతుందిగా. తననే వెక్కిరిస్తున్నారనుకున్నాడు. సోమవారం నుంచీ కిక్కురుమనలేదు. దాహమేసినా గ్లాసు వంక చూస్తాడంతే. ఆయన నోరు మూసుకున్నాక నాకెక్కడ వస్తుంది రాగం?”

టేపమ్మ చేతిలో ముద్ద మళ్ళీ డబ్బాలోనే పెట్టేసింది.

“ఇదంతా ఆ పక్కవాటా పిల్ల పనే,” అంది పెద్దమ్మ. “ఎప్పుడు చూడు ఫోన్ పట్టుకునే ఉంటుంది. మా కిటికీ దగ్గర చేరి దొంగచాటుగా పట్టేసుంటుంది. నిన్న వాళ్ళమ్మ ముందే కడిగేశాను. ‘నేను కాదు ఆంటీ’ అని ఏడ్చింది కూడానూ. ఏడుపులకి నేను కరుగుతానా?”

టేపమ్మ చెయ్యి కడుక్కునే వంకతో వెనక్కి వెళ్ళి, కుళాయి తిప్పి వదిలేసి, పేజీలోంచి ఆ వీడియో తీసేసింది. నిజంగా తీసేయాలా అని ఫోన్ అడిగింది. అవునంది. దాని శబ్దాన్నే వాడుకున్న పాపాయిల వీడియోలు ఒక్కొక్కటే మూగపోయాయి. పిల్లి మాత్రం అదే కీచురాగంతో జారిపడుతూనే ఉంది. దాన్ని ఎవరో విడిగా ఎక్కించుకున్నారు. అక్కడ టేపమ్మ వేలు నొక్కడానికి ఏమీ లేదు.

అరగంటలో మేడం గాజుతలుపు తోసుకుని వచ్చింది.

“మన వీడియో ఏదీ? కనబడదేం?”

“నేనే తీసేశాను మేడం.”

“మతి పోయిందా నీకు? పొద్దున వచ్చిన ముగ్గురూ అది చూసే వచ్చారు.”

“ఆ గొంతు మనది కాదు మేడం.”

ఇస్త్రీ బల్ల దగ్గర బుస్సుమనడం ఆగింది.

“ఏ గొంతే?” అంది పెద్దమ్మ.

మేడం ఇద్దరి మొహాలూ చూసి, రాని ఫోన్ ఏదో వచ్చినట్టు చెవి దగ్గర పెట్టుకుని బయటికి నడిచింది.

టేపమ్మ చెప్పింది. పిల్లి దాకా చెప్పింది. థాంక్యూ మాట దగ్గర ఆగి, అదీ చెప్పేసింది. “నీ చేతులకే అడిగాను పెద్దమ్మా. గొంతుకి అడగలేదు.”

తిడితే బాగుండుననుకుంది. పెద్దమ్మ పెట్టెని నిలబెట్టి స్విచ్చి ఆపింది. గుడ్డ మీద లేని ముడతని చాలాసేపు అరచేత్తో సరిచేసింది.

“పాపం, ఆ పిల్లని ఏడిపించాను,” అంది చివరికి. “ఆ పిల్లకి రేపు చెబుదువుగాని. ఇవాళ సాయంత్రం నాతో రా. ఆయనకి చెప్పాలి.”

“నేనా?”

“మరి నేనా తీసింది?”

పెద్దమ్మ ఉండేది రెండు గదుల వాటా. కిటికీ తలుపులు మూసి ఉన్నాయి. ఉక్కలో పెదనాన్న కుర్చీలో కూర్చుని గోడకేసి చూస్తున్నాడు. టేపమ్మ ఎదురుగా స్టూలు మీద కూర్చుంది.

“మెళ్ళో ఆ టేపు తియ్యి ముందు. ఆయనకి కొలతలు తీసుకోడానికొచ్చావనుకుంటాడు,” అంది పెద్దమ్మ. ఎవరూ నవ్వలేదు.

“పెదనాన్నా, మిమ్మల్ని ఎవరూ వెక్కిరించలేదు. వాళ్ళకి మీరెవరో కూడా తెలియదు. పెద్దమ్మ రాగాన్ని వీడియోలో పెట్టింది నేను. అడగకుండా పెట్టాను. పక్కవాటా పిల్ల కాదు, నేను.”

ఆయన గోడ మీంచి చూపు తిప్పలేదు. విన్నాడో లేదో తెలియలేదు.

“చూపించు,” అంది పెద్దమ్మ.

పేజీలోంచి పోయినా ఫోన్లో ఒక కాపీ ఉంది. ఆయన కళ్ళకి అందేలా పట్టుకుని నొక్కింది. నీలం గుడ్డ మీద పెద్దమ్మ చేతులు నడిచాయి. రాగం మూడు మెట్లెక్కి, ఆగి, అక్కడే తెగిపోయింది. పెదనాన్న ఆ చేతులనే చూశాడు.

“మళ్ళీ పెట్టు,” అంది పెద్దమ్మ, ఆయనకి గ్లాసులో నీళ్ళు ముంచుతూ.

మళ్ళీ పెట్టింది. ఈసారి ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. మూడోసారి వీడియో ఆగిపోయాక కూడా ఆయన ఎడమచేతి వేళ్ళు కుర్చీ చెయ్యి మీద కదులుతూనే ఉన్నాయి. తరువాత గొంతు గరగరలాడింది. పైన ఆగిపోయిన చోటు నుంచి రాగం, తడబడుతూ, మెల్లగా కిందికి దిగింది.

“విన్నావా?” అంది పెద్దమ్మ. “అదీ నువ్వు కత్తిరించి పారేసింది.”

ఆయన మళ్ళీ మొదటి నుంచీ అందుకున్నాడు. సాగదీశాడు. పెద్దమ్మ చేతిలో గ్లాసు గూట్లో పెట్టేసి ఆయన దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యి వేసింది. కిటికీ సందులోంచి పడిన ఎండ ఆ ఇద్దరి మీదా సన్నగా ఉంది. ఎంత బాగున్నారో అనుకుంది టేపమ్మ.

అప్పుడు చూసుకుంది. చేతిలో ఫోన్లో కెమెరా తెరిచి ఉంది. ఎప్పుడు తెరిచిందో ఆమెకే తెలియదు. రికార్డు చేసే ఎర్రటి చుక్క మీద, తాకీ తాకకుండా, బొటనవేలు ఉంది.

తలెత్తితే, పెద్దమ్మ ఆయన తల మీదుగా ఆ వేలినే చూస్తోంది.

టేపమ్మ ఫోన్ని ఒళ్ళో బోర్లించి, రెండు చేతులూ దాని మీద పెట్టుకుంది. రాగం పూర్తిగా దిగేదాకా ఎత్తలేదు.