అట్టేపెట్టిన చిక్కు

టీ కప్పు కింద తడి తుడిచి, ఆ చోటే కంప్యూటరు పెట్టుకుంది ఆమె. భర్త కాలేజీలో జీవశాస్త్రం చెబుతాడు, పరిశోధన కూడా చేస్తాడు. కణంలో ఏ పదార్థం దేనితో కలిసి దేనిగా మారుతుందో చూపే పటం ఒకటి ఆయన వ్యాసానికి కావాలి. మొదటిసారి చూసినప్పుడు అది దువ్వెనలోంచి తీసిన జుట్టు ఉండలా ఉంది. "నీకు ఓపికెక్కువ. ఊరికే కూర్చునే టైములో కాస్త సర్దిపెట్టు," అన్నాడు. ఊరికే కూర్చునే టైము తనకు ఎప్పుడుంటుందో తెలుసుకోవాలని ఆమెకూ ఉంది గానీ, అడగలేదు. డిగ్రీలో ఆమె చదివిందీ జీవశాస్త్రమే. పెళ్ళయ్యాక ఆ సంగతి ఇద్దరూ మర్యాదగా మరిచిపోయారు.

చిక్కంతా నీళ్ళతోనే వచ్చింది. పటంలో నీరు అని రాసిన చోటి నుంచి దాదాపు ప్రతి మార్పుకూ ఒక గీత. "నీళ్ళు తీసెయ్. ఉంటాయని అందరికీ తెలిసిందేగా," అన్నాడాయన. ఉంటుందని అందరికీ తెలిసినదాన్నల్లా తీసేస్తే ఈ ఇల్లూ శుభ్రంగానే కనిపిస్తుంది, ముందు పోయేది తనే అనుకుంది. తీయలేదు. ఒకే వైపు పోయే గీతలను కలిపి ఒక కాడగా నడిపించి, చేరాల్సిన చోటికి దగ్గరయ్యాక కొమ్మలుగా విడదీసింది. అసలు కలవనివి కలిసినట్టు కనబడితే పటం అబద్ధమాడినట్టే కాబట్టి, ప్రతి కొమ్మ వెంటా వేలు పోనిచ్చి చూసుకుంది.

ఎప్పుడో అయిపోవాల్సిన పని. కాకపోతే మొదటి సాయంత్రం ఆయన కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. "ఇదిగో, ఇక్కడికొచ్చి ఇది రెండుగా చీలుతుంది," అని చెబుతుంటే ఆయన మోచెయ్యి ఆమె మోచేతికి తగిలింది. ఆయన తనతో అంతసేపు మాట్లాడి ఎన్నాళ్ళయిందో ఆమెకు గుర్తు రాలేదు. మామూలుగా ఆయన మాటలు "కరెంటు బిల్లు కట్టావా", "అమ్మకి మందులిచ్చావా" దగ్గరే ఆగిపోతాయి. అందుకని ఆమె మధ్యాహ్నమంతా చిక్కులు విప్పేది, సాయంత్రానికి ఒకటి అట్టేపెట్టేది. ఏమీ మిగలకపోతే విప్పినదాన్నే మళ్ళీ వేసి పెట్టేది. "ఇది ఎటు పోతుందండీ?" అని అడిగి, తనకు తెలిసిన జవాబునే కళ్ళార్పకుండా వినేది.

"పొద్దస్తమానం ఆ గీతల్లో ఏం వెతుకుతున్నావే తల్లీ?" అంది అత్తగారు.

మీ అబ్బాయినే అత్తయ్యా, అని నోటిదాకా వచ్చింది. "ఏం లేదత్తయ్యా," అంది.

ఒక సాయంత్రం టీ తీసుకుని బాల్కనీ దాకా వెళ్ళింది. ఆయన ఫోనులో ఎవరితోనో చెబుతున్నాడు. "పటమా? ఇంట్లోనే చేయిస్తున్నాను. ఒకటికి పదిసార్లు చెప్పాల్సొస్తోంది. ఏం చేస్తాం, అలవాటు లేని పని కదా. భరించాలి."

వెటకారంగా కూడా అనలేదు, అలసటగా అన్నాడు. అదే ఆమెకు ఎక్కడో తగిలింది. తప్పు ఆయన మీదకు నెట్టేద్దామన్నా కుదరలేదు. తనకు అర్థం కాదని నమ్మించింది తనే. ఆమె దాచుకుంటున్న సాయంత్రాలనే ఆయన భరిస్తున్నాడు.

మర్నాడు ఆయన వచ్చేసరికి పటంలో ఒక్క చిక్కు లేదు.

"అమ్మయ్య," అన్నాడు నిలబడే చూస్తూ. "చెప్పగా చెప్పగా నీకూ పట్టుబడింది. ఇంకోటి పంపించాను చూడు, దీనికి రెట్టింపు ఉంటుంది. రేపట్నించి కూర్చుందాం."

కూర్చుందాం అన్న మాట దగ్గర ఆమె మనసు లొంగబోయింది. ఆ ఫైలు తెరిచింది కూడా. కావలసినన్ని చిక్కులు, కావలసినన్ని సాయంత్రాలు.

"పటం లేకుండా కాసేపు కూర్చోకూడదూ?" అంది.

ఆయన నిజంగానే ఆలోచించాడు. "కూర్చుని ఏం మాట్లాడుకుంటాం?" అన్నాడు. ఎత్తిపొడుపు కాదు, పాపం, తెలియకే అడిగాడు.

ఆమె ఫైలు మూసేసింది.

"ఇది మీ ల్యాబులో ఎవరికైనా ఇవ్వండి. మనం ఏం మాట్లాడుకుంటామో, నేను ముందు ఆ సంగతి తేల్చుకోవాలి."