రెండు పళ్ళాల రొయ్యలు

ఆ ఇంటివాళ్ళ హోటల్లో అత్తగారు వాసన చూడనిదే చేప పొయ్యి ఎక్కదు. వంటింటి గుమ్మంలో పీట వేసుకుని కూర్చుంటుంది. గంపలు ఆవిడ ముందుకొస్తాయి. ముక్కు దగ్గర పెట్టుకుని ఊఁ అంటే లోపలికి, ఊహూఁ అంటే చెత్తలోకి. కోడలు కొనుక్కొచ్చిన సరుకైతే ఆ ఊహూఁ కాస్త గట్టిగానే వినిపించేది. పనివాళ్ళందరి ముందూ ముక్కు మూసుకుని, మీ పుట్టింట్లో ఇవే తింటారా అని అడిగేది. కోడలు పళ్ళబిగువున ఊరుకునేది. ఊరుకుందే కానీ ఒక్కటీ మరిచిపోలేదు.

మొన్నటి జ్వరంతో అత్తగారి ముక్కు చచ్చిపోయింది. సబ్బుకీ మురిక్కాలవకీ తేడా తెలియడం లేదు. సంగతి మావగారొక్కడికే తెలుసు. ఆవిడ గంప ఎత్తగానే ఆయన వెనక నిలబడి వాసన చూస్తాడు. సరుకు చెడిపోయిందైతే గొంతు సవరించుకుంటాడు. చేప కళ్ళ మెరుపు, మొప్పల ఎరుపు చూసి సగం ఆవిడే పోల్చుకోగలదు. మిగతా సగం మొగుడి గొంతు. ఆ పీట కాస్తా పోతే ఆ ఇంట్లో తనెవరో ఆవిడకే తెలియదు. అందుకే ప్రాణం పోయినా బయటపెట్టదలుచుకోలేదు.

ఒకనాడు పాలు మాడి ఇల్లంతా కంపు కొడుతుంటే, పొయ్యి పక్కనే అత్తగారు నింపాదిగా వెల్లుల్లి వలుచుకుంటూ కనిపించింది. కోడలికి విషయం అర్థమైపోయింది, మావగారి గొంతు సవరింపుల గుట్టుతో సహా. పక్కకి పిలిచి అడిగితే సరిపోయేది. కానీ మొగుడు గోడమీద పిల్లి, తల్లి కాదంటే కాదనే రకం. అతని కళ్ళెదుటే జరగాలి. నిజం చెప్పాలంటే, తనకి జరిగినట్టే నలుగురిలో జరగాలి.

అందుకే ఆ ఆదివారం తన కూతురితో సహా ఇంటిల్లిపాదికీ షికారు. రేవులో పాత సుంకాల భవనం ఉంది. ఓడల్లో వచ్చిన సరుకంతా ఒకప్పుడు అక్కడే తూచేవారు. ఇప్పుడు పై అంతస్తులు జనం చూడ్డానికి తెరిచి, కింది గిడ్డంగిని హోటలు చేశారు. దాన్ని నడిపేది కోడలి అన్న. మావగారు కుర్రతనంలో ఆ భవనంలోనే తూకం గుమస్తా. ఆయన కూర్చున్న కిటికీ చూపిస్తామనేసరికి ముసలాయన చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు. పాపం, ఆ ముచ్చటే ఎర అని ఆయనేం కలగన్నాడా?

లోపల రాతిగోడలకి చెమ్మ, దూలానికి వేలాడే పెద్ద త్రాసు కొక్కెం, కిటికీ కింద నీళ్ళు మెట్లని కొడుతున్న చప్పుడు. కోడలి అన్న ఎదురొచ్చి, మావగారి భుజం మీద చెయ్యేసి పైకి తీసుకుపోయాడు. పెళ్ళాం వైపు ఒకసారి తిరిగి చూడాలన్న ధ్యాస కూడా లేదాయనకి. చిన్నపిల్లాడిలా మెట్లెక్కాడు.

వడ్డించే మనిషి రెండు పళ్ళాలు తెచ్చి అత్తగారి ముందు పెట్టాడు. పచ్చి రొయ్యలు. తలలు తీసి, పొట్టు వలిచి, కడిగి తెల్లగా పేర్చినవి. కంటితో చూసి పోల్చడానికి ఏమీ మిగల్చలేదు. ఏ పళ్ళెం వండించాలో మీరే చెప్పాలి, మా అన్నయ్య మీ గురించి గొప్పగా విన్నాడు అంటూ కోడలు పక్క బల్లలవాళ్ళకి కూడా వినిపించేలా అంది.

కొడుకుకి కంపు తగిలింది. రెండు పళ్ళాలూ కుళ్ళినవే. నోరు తెరవబోయి, పెళ్ళాం మొహం చూసి, మంచినీళ్ళు తాగాడు. ఆ ఒక్క గుటకకి అతన్ని నేను క్షమించలేను.

అత్తగారు మెట్ల వైపు చూసింది. పైనుంచి మొగుడి నవ్వు వినిపిస్తోంది. మొదటి పళ్ళెం ముక్కు దగ్గరకి తీసుకుంది. తరవాత రెండోది. కళ్ళు మూసుకుని, తీరిగ్గా, రోజూ చూసినట్టే చూసింది.

"ఇవి," అంది రెండో పళ్ళెం ముందుకు తోసి. "తియ్యటి వాసన. ఉప్పు తప్ప ఇంకేమీ వెయ్యొద్దని చెప్పు."

ఉడికాక కంపు రెట్టింపయింది. పక్క బల్లవాళ్ళు కుర్చీలు దూరంగా జరుపుకున్నారు. అత్తగారు ఒక రొయ్యని ఊది చల్లార్చి, అలవాటు ప్రకారం మొదటి ముక్క మనవరాలికి అందించింది. పిల్ల ముక్కు ముడుచుకుంది. అయినా నాయనమ్మ చెయ్యి కదా, నోరు తెరిచింది.

కోడలు అత్తగారి మణికట్టు పట్టుకుంది.

"దానికి పెట్టకండి అత్తయ్యా. కుళ్ళినవి. రెండు పళ్ళాలూ కుళ్ళినవే. ఇక్కడ మీకు తప్ప అందరికీ తెలిసింది."

ఎవరో నవ్వారు. అత్తగారు కొడుకు వైపు తిరిగింది. "నీకూ తెలిసిందిరా?"

కొడుకు బల్లమీది గుడ్డ అంచు నలుపుతూ కూర్చున్నాడు. "ఇంక నువ్వు విశ్రాంతి తీసుకోమ్మా," అన్నాడు.

ఆవిడ రొయ్యని పళ్ళెంలో పెట్టేసి వేళ్ళు తుడుచుకుంది. తుడిచిన వేళ్ళే మళ్ళీ తుడుచుకుంది. రేపటినుంచి గుమ్మంలో నువ్వే కూర్చోమని కోడలితో చెప్పింది.

మావగారు కిటికీ కబుర్లు చెప్పుకుంటూ దిగి వచ్చాడు. ఆఖరి మెట్టు మీద కంపు తగలగానే గొంతు సవరించుకున్నాడు. అత్తగారొక్కతే తలెత్తి చూసి, మళ్ళీ దించుకుంది.

తరవాత మంచి భోజనమే వచ్చింది, అప్పుడే పడవలోంచి దింపిన చేపలు. కోడలు అందరికంటే ముందు అత్తగారికే వడ్డించింది. గెలిచినవాళ్ళకి మర్యాదలు చెయ్యడం ఎంత సులువో. అత్తగారు తన చేప ముట్టలేదు. ముళ్ళన్నీ ఏరి, మెత్తటి ముక్క ఒకటి మనవరాలి నోటి దగ్గర పెట్టింది.

పిల్ల పెదాలు బిగించి తల్లి మొహం చూసింది. తల్లి తలూపింది. అప్పుడు నోరు తెరిచింది.