దవాఖానలో మాట్లాడే మనిషి

ఆ ఊళ్లో ఎవరు నాగర్‌కర్నూల్ దవాఖానకు పోయినా బుచ్చన్నను వెంటబెట్టుకుని పోవాల్సిందే. రోగం ఎవరిదైనా కానీ, మాట మాత్రం ఆయనది. రోజా కూడా అలాగే పోయింది. మొగుడు సందీప్ బొంబాయిలో కూలిపనికి పోయాడు. నాలుగేళ్ల నవ్య ఈమధ్య పిలిస్తే ఒక్కోసారి పలకడం లేదు. బిడ్డకు చెవుడొచ్చిందేమోనని రోజాకు ముద్ద దిగడం లేదు. కానీ డాక్టరమ్మ ముందు నోరు విప్పాలంటే ఒకటే భయం.

డాక్టరమ్మ "ఏమైంది?" అని అడగడమే ఆలస్యం, బుచ్చన్న అందుకున్నాడు.

"ఏం లేదు మేడం. పిల్ల జర మొండిది. వినపడ్డా పలకదు. వాళ్ల నాయిన గూడ చిన్నప్పుడు గంతే. బలానికి టానిక్ రాయుండ్రి, పోతం."

ఆపకపోతే ముత్తాత దాకా పోయేవాడే మహానుభావుడు. డాక్టరమ్మ పెన్ను అందుకుంది. రోజా ఆ పెన్ను వంకే చూసింది. ఆ సీసా పట్టుకుని ఇంటికి పోతే మళ్లీ వచ్చేదెన్నడు?

"మామా, జర ఆగు," అంది. అన్నది తానేనా అని తనకే అనుమానమొచ్చింది. "పిల్ల మొండిది కాదు మేడం. వాళ్ల నాయిన ఫోన్ జేస్తే, ఎడమ చెవికి పెడితే మంచిగ ముచ్చట పెడ్తది. కుడి చెవికి పెడితే నాయిన మాట్లాడ్తలేడని ఏడుస్తది. కళ్లంల కందులు కొట్టినప్పటి సంది గిట్లనే ఉన్నది."

డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టింది. "ఇలా చెప్తేనే కదమ్మా నాకు తెలిసేది," అంటూ చిన్న లైటుతో కుడి చెవిలోకి చూసింది. పిల్లను ఒళ్లో గట్టిగా పట్టుకోమంది. నవ్య దవాఖాన అదిరేలా ఏడ్చింది. కాసేపటికి ఉబ్బిన కందిగింజ ఒకటి బయటపడింది.

"చెవికేం కాలేదు. వచ్చే వారం ఒకసారి చూపించు."

రోజాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

"నేన్ చెప్పలేదా, ఏం లేదని?" అన్నాడు బుచ్చన్న బయటికి రాగానే.

నవ్య చెవి మూసుకుంది. "తాతా, మెల్లగ మాట్లాడు."

ఆటో ఎక్కబోతూ బుచ్చన్న ఆగి, అటూ ఇటూ చూసి, ఎన్నడూ లేనిది గొంతు తగ్గించాడు.

"బిడ్డా, ఏడాది సంది కడుపుల మంట. వేరే మంది కోసమైతే మాట్లాడ్త గని, నాది చెప్పనీకి భయమైతది. వచ్చే వారం నా సంగతి గూడ జర చెప్తవా?"

"వచ్చే వారం దాక ఎందుకు మామా? డాక్టరమ్మ లోపల్నే ఉన్నది గద," అంటూ రోజా ఆయన చెయ్యి పట్టుకుని వెనక్కి తిప్పింది.