జిప్పు కవరులో చిట్టీ

కూతురు ఆశా టిఫిన్ సంచిని హెప్సిబా దులుపుతుంటే అడుగు నుంచి ఒక కాగితం పొట్లం జారిపడింది. విప్పి చూస్తే ఒక పచ్చ గోలి, ఒక తెల్ల గోలి. వాటికి పేరు లేదు, ఊరు లేదు. చెరుకు కోసే గుంపులో ఒళ్ళు నొప్పులన్న వాళ్ళకల్లా మేస్త్రి లింబయ్య జేబులోంచి తీసిచ్చే 'సెట్టు' అది. కోటగిరి చుట్టుపక్కల చెరుకు కొట్టినవాళ్ళెవరికైనా ఆ పొట్లం తెలుసు.

"ఆశా! ఇదేందే?"

గోడకానుకుని కూచున్న కూతురు మొహం తిప్పుకుంది. పందొమ్మిదేళ్ళ పిల్ల. నెలసరి నొప్పితో రెండు రోజులుగా మెలికలు తిరుగుతూనే కోతకు పోతోంది.

"ఎన్ని మింగినవ్?"

"ఒక్క సెట్టే అమ్మా. గిది రేపటికని ఇచ్చిండు."

"ఎప్పుడు మింగినవ్?"

"అన్నం తిన్నంక. గంటయితుండొచ్చు. ఊకె ఆగం కాకు."

ఆగం కాక, కంగారు పడక ఎట్లా? ఆశాకు చిన్నప్పటి నుంచి దమ్ము, ఉబ్బసం. ఐదేళ్ళప్పుడు పన్ను నొప్పికని ఎవరో ఇచ్చిన గోలి వేస్తే పిల్ల ఊపిరందక పెదాలు నీలమయ్యాయి. అప్పటి డాక్టరు ఏవేవో చెప్పి ఇంగ్లీషులో చిట్టీ రాసిచ్చాడు. హెప్సిబా చదివింది తెలుగులో ఐదు. ఆ వణుకులో ఆమె చెవిన పడింది ఒక్కటే మాట, గోలి వద్దు. ఆ రోజు నుంచి ఇంట్లోకి గోలి రానివ్వలేదు. జ్వరమొస్తే తడిగుడ్డ, కడుపు నొస్తే వాము నీళ్ళు, ఆపైన ప్రార్థన. చిట్టీని బైబిలు జిప్పు కవరులో పెట్టింది. కూతురికి చూపలేదు. ఆ రోజును మళ్ళీ నోటితో చెప్పాలంటేనే ఆమెకు భయం.

"ఊపిరి తీయ్. గట్టిగ తీయ్."

"తీస్తనే ఉన్న గద!"

హెప్సిబా చెవిని కూతురి వీపుకు ఆనించింది. లోపల సన్నగా ఈల వేసినట్టుంది. నిజంగా ఉందా, తన చెవే మోగుతోందా? ఇంతలో ఆశా దగ్గింది. మళ్ళీ దగ్గింది. ఈసారి ఆగలేదు. దమ్ము మందు పంపును రెండుసార్లు పీల్చినా సగం మాటకే ఆయాసం వచ్చేస్తోంది.

హెప్సిబా పొట్లం కొంగున కట్టుకుంది. దవాఖానకు బైబిలు లేకుండా ఏనాడూ పోలేదు, దాన్నీ చంకన పెట్టుకుంది. ఆటోలో బోధన్ దారి పొడుగునా చెరుకు ట్రాక్టర్లే. ఒక్కోటి అడ్డొచ్చినప్పుడల్లా కూతురి పెదాల రంగు చూసుకుంది. ఎండకు ఎర్రగా ఉన్నాయా, నీలానికి తిరుగుతున్నాయా తేల్చుకోలేకపోయింది.

దవాఖానలో ఆశా మూతికి మందు పొగ మాస్కు పెట్టారు. డాక్టరమ్మ పొట్లం చూసి నొసలు చిట్లించింది.

"పేరు లేని గోలి ఏందని చెప్పాలమ్మా? ఇంతకుముందు ఏదన్నా పడకపోయేదా?"

హెప్సిబా జిప్పు తీసింది. మడతల దగ్గర చిరిగిన చిట్టీని డాక్టరమ్మ వెలుతురుకు పట్టి చదివింది.

"గోలీలే వద్దని ఇందులో లేదు. ఆస్ప్రిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి వద్దన్నరు. నొప్పికి పారాసిటమాల్ వాడొచ్చని కిందనే రాసిన్రు."

మాస్కు వెనక ఆశా కళ్ళు తల్లి మీదికి తిరిగాయి. కాసేపటికి ఈల తగ్గింది, మాట నిలబడింది.

"నెలనెలా సచ్చి బతికిన గదనే అమ్మా. గీ కాయితం నీ చంకలనే ఉన్నదా?"

"మళ్ల గట్లనే అయితదేమో అని, బిడ్డా..."

"నాకు చెప్తే లింబయ్య సెట్టు ముట్టుకుందునా?"

పిల్లకు గోలి దొరక్కుండా చేసి కాపాడుకున్నాననుకుంది హెప్సిబా. కాని ఏది వద్దో పిల్లకు తెలియకుండానే పెంచింది.

పొద్దుగూకే వేళకు డాక్టరమ్మ పంపించింది. "పొట్లంలో పచ్చది ఆ పడని మందే అయ్యుండొచ్చు, తెల్లది పారాసిటమాలే కావొచ్చు. అందుకే రేపు పొద్దటిదాక ఏదీ వద్దు. తర్వాత నొప్పుంటేనే ఒకటి, ఆరు గంటలు ఆగి ఇంకోటి. రోజుకు నాలుగు దాటొద్దు. జలుబు గోలీల కూడ అదే ఉంటది, రెండూ కలపకుండ్రి. మళ్ల ఆయాసమొస్తే ఆగకుండ రండ్రి."

మందుల దుకాణంలో ఆశా చిట్టీలో పేరును, గోలీల షీటు మీది పేరును అక్షరమక్షరం పోల్చి చూసుకుంది. ఆటోలో కూచోగానే హెప్సిబా షీటులోంచి రెండు గోలీలు చింపబోయింది, మిగతావి దాచేద్దామని.

"కొస చింపకే. పేరు ఆడ్నే ఉన్నది, తారీకూ ఆడ్నే. నాకియ్యి."

హెప్సిబా షీటు అందించింది. వేళ్ళు మాత్రం వెంటనే వదల్లేదు. ఆశా ఊపిరి ఎగపోయకుండా వస్తోందో లేదో మరొక్కసారి విని, అప్పుడు వదిలింది. మళ్ళీ జిప్పు కవరులో పెట్టుకున్న చిట్టీ కూడా తీసి కూతురి చేతిలో పెట్టింది.

"రేపు ఏసుకునేటప్పుడు నన్ను పిలు."

"పిలుస్త తీయ్. చెవి నా వీపుకు పెట్టుకుని కూసో."